పిట్టల పంజరంలో కర్రలు, బొమ్మలు ఎలా కడగాలి, ఎలా ఆరబెట్టాలి

మా ఇంట్లో ఆరు బడ్జీలు, ఒక కాక్‌టెయిల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక) జత ఉన్నాయి. బడ్జీలంటే మన హైదరాబాద్ షాపుల్లో లవ్ బర్డ్స్ అని చెప్పి అమ్మేవే. పిట్టలు పెంచేవాళ్లు ఎక్కడ కలిసినా నన్ను అడిగేది ఇదే: "అన్నా, ట్రే రోజూ కడుగుతున్నాం, గిన్నెలు కడుగుతున్నాం. ఆ కర్రలూ, ఉయ్యాలా, తాళ్లూ ఎలా కడగాలి? నీళ్లలో కొంచెం డెటాల్ వేయొచ్చా?"

డెటాల్ వద్దు. మిగతాది వరసగా చెప్తాను.

కడగడం చాలామంది బాగానే కడుగుతారు. పని చెడేది ఆరబెట్టే దగ్గర. నేనూ అక్కడే చెడగొట్టుకున్నాను. ఒక జూలైలో చెక్క నిచ్చెన పొద్దున కడిగి, సాయంత్రానికి పైన పొడిగా కనిపిస్తే పంజరంలో తగిలించేశాను. వారం తిరక్కుండానే మెట్లు దిగేసిన బెజ్జాల చుట్టూ నల్లగా బూజు పట్టింది. అసలు కడగకుండా వదిలేసి ఉన్నా అంత బూజు పట్టేది కాదు. అందుకే కింద ఆరబెట్టడం గురించి కాస్త ఎక్కువే రాశాను.

ఏమేం కావాలి

- రెండు ప్లాస్టిక్ టబ్బులు. వంటింటి సింకులో ఈ పని పెట్టుకోవద్దు.
- పాత టూత్‌బ్రష్‌లు రెండు, బట్టలుతికే గట్టి బ్రష్ ఒకటి, బీరపీచు ముక్క. ఇవి పిట్టల పనికే ఉంచేయండి.
- గిన్నెలు తోమే లిక్విడ్, వాసన తక్కువ ఉన్నది.
- తెల్ల వెనిగర్. నూడుల్స్‌లో వేసుకునేదే, కిరాణా షాపులో దొరుకుతుంది.
- నీళ్లు చల్లే స్ప్రే సీసా, మాస్కు, రబ్బరు గ్లౌజులు.
- తెల్లటి కాటన్ గుడ్డలు రెండు మూడు. పాత పంచె చింపినా చాలు.
- ఉప్పు కాగితం ఒక షీటు.
- వంటింటి తూకం ఉంటే మంచిది. ఎందుకో తర్వాత చెప్తాను.

వీటన్నిటికన్నా అవసరమైంది ఇంకో జత కర్రలు. ఒక జత పంజరంలో ఉంటే ఇంకో జత ఎండలో ఉండాలి. జామ కొమ్మలైతే ఖర్చు కూడా లేదు. రెండో జత లేనివాళ్లు "సాయంత్రానికల్లా పెట్టేయాలి" అనే టెన్షన్‌లో తడివే పెట్టేస్తారు.

దగ్గరికి రానివ్వకూడనివి

ఫినాయిల్, డెటాల్, ఫ్లోర్ క్లీనర్, టాయ్‌లెట్ క్లీనర్, నాఫ్తలీన్ ఉండలు. గాలిలో కలిసిన ఘాటు మనకన్నా పిట్టలకు చాలా త్వరగా ఎక్కుతుంది. పైగా మనం కర్రను ముట్టుకుని వదిలేస్తాం, అవి రోజంతా దాన్ని కొరుకుతూనే ఉంటాయి.

కుంకుడుకాయ గురించి అమ్మమ్మల కాలం నుంచి అడిగేవాళ్లున్నారు. జిడ్డు పోతుంది, కాదనను. కానీ చెక్క, తాడు దాన్ని పీల్చుకుంటే ఎంత జాడించినా నురగ వస్తూనే ఉంటుంది. స్టీలుకూ ప్లాస్టిక్‌కూ అయితే వాడుకోండి. వేపాకు మరిగించిన నీళ్లు పోయడం వల్ల నష్టమేమీ లేదు గానీ, అది పోశాం కదా అని తోమడం మానేయొద్దు.

ఎలా చేయాలి

1. పిట్టల్ని వేరే గదికి మార్చండి. ముందు కిటికీలు మూయండి, సీలింగ్ ఫ్యాన్ ఆపండి, ఆ తర్వాతే పంజరం తలుపు తీయండి. ఫ్యాన్ తిరుగుతుండగా ఒక్క పిట్ట చేయి జారి ఎగిరిందంటే ఇక అంతే. పని పొద్దున పెట్టుకుంటే ఎండ కలిసొస్తుంది.

2. అన్నీ ఒకేసారి తీయొద్దు. ఈ వారం సగం, వచ్చే వారం సగం. పంజరం మొత్తం ఒక్కసారి మారిపోతే, ముఖ్యంగా కాక్‌టెయిల్స్, బెదిరిపోయి తిండి తగ్గిస్తాయి. అవి రాత్రి పడుకునే కర్ర ఏదో మీకు తెలిసే ఉంటుంది. దాన్ని మార్చిన రోజు ఇంకే వస్తువూ కదపకండి.

3. రెట్టను పొడిగా గీకొద్దు. గోరువెచ్చని నీళ్లు బాగా చల్లి 10 నిమిషాలు ఆగండి. అప్పుడు బీరపీచుతో రుద్దితే మెత్తబడి ఊడొస్తుంది. ఎండిన రెట్ట గీకితే లేచే దుమ్ముతో సిట్టకోసిస్ అనే జబ్బు మనుషులకు కూడా రావచ్చు. జ్వరం, పొడి దగ్గుతో మొదలై న్యుమోనియా దాకా పోగలదు. కాక్‌టెయిల్స్ ఈకల నుంచి రాలే తెల్లపొడి సరేసరి. మాస్కు పెట్టుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకళ్లకు అప్పగించాలి.

4. సబ్బు నీళ్లతో తోమండి. ఒక టబ్బు వేడినీళ్లకు అర చెంచా లిక్విడ్ చాలు. కర్ర చివర బోల్టు బిగించే చోట, గంట లోపల, గొలుసు లింకుల మధ్య టూత్‌బ్రష్‌తో రుద్దండి. కంటికి కనిపించే మురికి మొత్తం ఇక్కడే పోవాలి. ఇక్కడ మిగిలిన మురికి తర్వాత ఏం పోసినా పోదు.

5. ఇక్కడి నుంచి వస్తువును బట్టి పని మారుతుంది.

చెక్క కర్రలు, కొమ్మలు: నానబెట్టొద్దు. సబ్బు నీళ్లలో ముంచి, తోమి, వెంటనే జాడించండి. తర్వాత మరిగే నీళ్లు పైనుంచి కిందికి తిప్పుతూ పోయండి. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల దగ్గర అరగంట పెట్టండి, కానీ అక్కడే నిలబడి చూస్తూ ఉండాలి. నాన్‌స్టిక్ ట్రే వాడొద్దు, అది మరీ వేడెక్కితే వచ్చే పొగకు పిట్టలు నిమిషాల్లో చచ్చిపోతాయి. మైక్రోవేవ్‌లో కర్రలు అసలే పెట్టొద్దు. లోపల స్క్రూ ఉందంటే మంటే. ఆరాక రెట్ట మరక ఇంకా కనిపిస్తే ఉప్పు కాగితంతో గీసి, దుమ్ము తడిగుడ్డతో తుడిచేయండి. కొరికి కొరికి పీచులు లేచిన కర్రను బాగుచేయాలని చూడకండి, పిట్ట దాని పని అది చేసింది. కొత్తది పెట్టండి.

కాటన్ తాళ్లు: ముందు వెలుతురులో పట్టుకుని చూడండి. పోగులు లేచి ఉచ్చులా కనిపిస్తే కత్తిరించాలి. ఎక్కువగా లేస్తే తాడే పారేయాలి. ఆ ఉచ్చులో కాలివేలు చిక్కుకుంటే పిట్ట లాక్కుంటూ ఇంకా బిగించుకుంటుంది. మంచి తాడైతే 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, పిండి, ముళ్లన్నీ వదులు చేసి ఆరేయండి. వంగే తాడు పెర్చ్‌లలో (పెర్చ్ అంటే పిట్ట కూర్చునే కర్ర) లోపల ఇనుప తీగ ఉంటుంది. వాటిని మరిగించొద్దు, నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. లోపల తీగ తుప్పు పట్టినా బయటికి కనిపించదు. రంగు తాడు మరిగించినప్పుడు నీళ్లు ఎర్రగానో పచ్చగానో దిగాయంటే ఆ రంగు ఇన్నాళ్లూ పిట్ట నోట్లోకి వెళ్తున్నట్టే. అలాంటిది మళ్లీ పెట్టకండి.

ప్లాస్టిక్, ఆక్రిలిక్: గోరువెచ్చని నీళ్లే. మరిగే నీళ్లు పోస్తే వంకర పోతాయి. శానిటైజర్‌తో తుడిస్తే ఆక్రిలిక్ సన్నగా పగుళ్లిస్తుంది.

స్టీలు: మరిగించండి, ఏమీ కాదు. కానీ గంటలు, గొలుసులు, కొక్కేల్లో చాలావరకు స్టీలు కాదు, ఇనుముకు జింక్ పూత. గోటితో గీస్తే తెల్లపొడి రాలుతుంటే దాన్ని తీసేయండి. జింక్ పిట్టలకు విషం. అందుకే కొత్త పంజరం కొన్నా ముందు వెనిగర్ నీళ్లతో బ్రష్ పెట్టి తోమి, బాగా జాడించాకే పిట్టల్ని వదలాలి.

సిమెంటు పెర్చ్: గట్టి బ్రష్, వేడినీళ్లు. అంతే.

సముందర్ ఝాగ్ (పిట్టలు కొరుక్కునే తెల్లటి కటిల్ ఫిష్ ఎముక): చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో ఈ పేరుతోనే అడగాలి, కటిల్ బోన్ అంటే కొందరికి తెలియదు. దీన్ని కడగరు. రెట్ట పడిన చోట చాకుతో పైపొర గీసేయండి. మొత్తం పాడైతే పారేయండి.

అట్ట, కాగితం, తోలు, ఈకల బొమ్మలు: కడగలేం. పాడైతే చెత్తబుట్టే.

6. తెల్లటి సున్నపు పొర ఉంటే వెనిగర్. బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వాడే అపార్ట్‌మెంట్లలో ఇది తప్పదు. గొలుసులు, నీళ్ల సీసా మూతులు నెలకే తెల్లబడతాయి. సగం వెనిగర్, సగం నీళ్లలో అరగంట ఉంచి బ్రష్ చేయండి. జింక్ పూత ఉన్నవి మాత్రం నానబెట్టకుండా, తోమి వెంటనే వెనిగర్‌లోంచి బయటికి తీయాలి. వెనిగర్ సున్నాన్ని బాగా వదిలిస్తుంది, కానీ క్రిములన్నీ చస్తాయని దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

7. బ్లీచ్ ప్రతిసారీ అక్కర్లేదు. నా లెక్కలో మూడు సందర్భాలే: పిట్ట జబ్బు పడినప్పుడు, పిట్ట చనిపోయినప్పుడు, వేరేవాళ్లు వాడిన పంజరమో బొమ్మలో తెచ్చుకున్నప్పుడు. ఆరోగ్యంగా ఉన్న పిట్టల వస్తువులకు సబ్బు, వేడినీళ్లు, ఎండ సరిపోతాయి. వాడాల్సి వస్తే తెల్లబట్టలకు వాడే, వాసన కలపని బ్లీచ్ లిక్విడ్ లీటరు నీళ్లకు 30 మి.లీ., అంటే రెండు టేబుల్ స్పూన్లు. బాల్కనీలో 10 నిమిషాలు ఉంచి బాగా జాడించాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే పారబోయాలి. ప్లాస్టిక్‌కూ స్టీలుకూ మాత్రమే ఇది. చెక్క, తాడు పీల్చుకుంటాయి కాబట్టి జబ్బు పిట్ట వాడినవైతే పారేయడమే నయం. బ్లీచింగ్ పౌడర్ వాడొద్దు, దాని సున్నం సందుల్లో పేరుకుంటుంది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక: బ్లీచ్‌లో వెనిగర్ గానీ, టాయ్‌లెట్ క్లీనర్ గానీ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పిట్టకే కాదు, మీకూ ప్రమాదమే.

8. జాడించండి. టబ్బులో ముంచి తీయడం కాదు, కుళాయి ధార కింద పట్టాలి. బెజ్జాల్లోంచి నీళ్లు ధారగా రావాలి. గంట ఉంటే బోర్లించి ఊపండి.

9. ఆరబెట్టండి. దీని సంగతి కింద విడిగా రాశాను.

10. తిరిగి పెట్టండి. కర్రను గిన్నెల పైన పెట్టొద్దు, ఒక కర్ర కింద ఇంకో కర్ర పెట్టొద్దు. చాలా పంజరాల్లో మురికికి సగం కారణం ఇదే. కర్రలు స్థానం మార్చుకుంటే వారానికోసారి కడిగేవాళ్లకు పది రోజులకోసారి సరిపోతుంది.

ఆరబెట్టడం

మార్చి నుంచి మే దాకా హైదరాబాద్‌లో ఇది అసలు పనే కాదు. చెక్కయినా డాబా మీద ఒక్కరోజు ఎండలో గలగలమని ఆరిపోతుంది. ఆ నెలల్లో జాగ్రత్త వేరే: ప్లాస్టిక్ బొమ్మలు నీడలో పెట్టండి, మెత్తబడి వంగిపోతాయి. స్టీలు ఉయ్యాల ఎండలోంచి తెచ్చి అలాగే తగిలించకండి, చేత్తో పట్టుకోలేనిది పిట్ట కాలికి ఎలా ఉంటుందో చూసుకోండి.

కష్టమంతా జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. అప్పుడు చెక్కకు, తాడుకు రెండు మూడు రోజులు పడుతుంది. పేపరు మీద పరిచి పెడితే కింది వైపు ఆరదు. బట్టలారేసే స్టాండుకు దారంతో వేలాడదీసి, సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టండి. ఆ గదిలో పిట్టలు ఉండకూడదు. పూటకోసారి తిప్పండి. ఫ్రిజ్ వెనక వెచ్చటి గాలి వచ్చే చోట నేను చిన్న కర్రలు నిలబెడతాను, బాగానే పనిచేస్తుంది. ఓవెన్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. హెయిర్ డ్రయర్ మాత్రం పిట్టలున్న గదిలో వాడొద్దు. కొన్నిటి లోపల కూడా నాన్‌స్టిక్ పూత ఉంటుంది.

వానాకాలంలో తాళ్లు కడగడమే నేను మానేశాను. జూన్‌లో తాళ్లు తీసేసి స్టీలు, ప్లాస్టిక్, కొమ్మలతో నడిపిస్తాను. అక్టోబర్‌లో మళ్లీ పెడతాను.

ఇక పావురాలు. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో వీటి సంగతి మీకు చెప్పక్కర్లేదు. కష్టపడి కడిగిన కర్రను పిట్టగోడ మీద పెట్టి లోపలికి వెళ్తారు, వచ్చేసరికి దాని మీద పావురం. దాని రెట్ట మీ పిట్టకు జబ్బు తెచ్చిపెట్టగలదు. వడియాలు ఎండబెట్టినప్పుడు కప్పే పలచటి గుడ్డ దీనికీ కప్పండి. పావురం వాలిందని తెలిస్తే మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలు.

ఆరిందో లేదో, శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుంది

తూకం అడిగింది ఇందుకే. కడగక ముందు పొడి కర్రను తూచి రాసుకోండి. మా ఇంట్లో ఒక జామ కర్ర పొడిగా 84 గ్రాములు. కడిగాక 97. మర్నాడు సాయంత్రం చేత్తో పట్టుకుంటే పూర్తిగా పొడిగా ఉంది, తూస్తే 88. ఆ నాలుగు గ్రాముల నీళ్లే బూజుకు చాలు. మూడో రోజు 84కి వచ్చాకే పెట్టాను. తూకం లేకపోతే కర్రను చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు.

తాడు అయితే ముడి విప్పి లోపల వాసన చూడండి. ముక్కవాసన రాకూడదు.

మురికి తేల్చడానికి తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మీద పసుపో గోధుమ రంగో దిగితే మళ్లీ తోమాలి. బ్లీచ్ వాడిన వస్తువును ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన అస్సలు తగలకూడదు. కొంచెం వస్తుందేమో అని అనుమానమొచ్చినా వచ్చినట్టే లెక్క.

పేలు ఉన్నాయేమోనని అనుమానం ఉంటే రాత్రి పంజరం మీద తెల్లగుడ్డ కప్పండి. పిట్టల్ని పీడించే ఎర్రపేలు (రెడ్ మైట్స్) పగలు కర్ర పగుళ్లలో, కర్ర చివర్లలో దాక్కుని, రాత్రి బయటికొచ్చి రక్తం తాగుతాయి. తెల్లారి గుడ్డ మడతల్లో ఎర్రగా కదిలే చుక్కలు కనిపిస్తే చెక్క మొత్తం తీసి పారేసి, పిట్టల్ని డాక్టరుకు చూపించాలి. మందు మీరే చల్లొద్దు. జంతువుల డాక్టర్లందరూ పిట్టల్ని చూడరు కాబట్టి వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

చివరగా, అన్నీ పెట్టాక పది నిమిషాలు కూర్చుని చూడండి. పిట్ట ఆ కర్ర మీద వాలకుండా తప్పించుకుంటున్నా, ఒక్కో కాలు మార్చి మార్చి ఎత్తుతున్నా, తుమ్ముతున్నా ఆ వస్తువును తీసేయండి. కూర్చున్న చోట తోక పైకీ కిందికీ ఊగుతూ ఊపిరి తీస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, డాక్టరు దగ్గరికే.

తరచూ జరిగే పొరపాట్లు

కాళ్ల గోళ్లు అరుగుతాయని కర్రలకు ఉప్పు కాగితం తొడుగులు వేస్తారు. అవి కడగలేం, రెట్ట పట్టేస్తుంది, పాదాల కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. తీసేయండి.

కొత్త కొమ్మ కడగక్కర్లేదు అనుకుంటారు. చెట్టు మీద మందు కొట్టి ఉండొచ్చు, కాకి రెట్ట ఉండొచ్చు. జామ, వేప, మామిడి కొమ్మలు మంచివి, అయినా పైన చెప్పినట్టే తోమి, వేడినీళ్లు పోసి, ఆరబెట్టాలి. రోడ్డు పక్క చెట్లవి తేవొద్దు. మన డివైడర్ల మీద విరివిగా పెంచే గన్నేరు అయితే ఆకూ, కొమ్మా, పువ్వూ అన్నీ విషమే. పచ్చగన్నేరు కూడా అంతే.

ఇంకొకటి, నెలకోసారి పండగలా కడిగి మిగతా రోజులు వదిలేయడం. రోజూ సాయంత్రం తడిగుడ్డతో కర్రలు ఒక్కసారి తుడవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అలా తుడిచేవాళ్లకు వారం చివర తోమే పని సగానికి తగ్గుతుంది.

గూడు కుండల గురించి కూడా అడుగుతారు. పిల్లలు బయటికొచ్చాక ఆ కుండను కడగకండి. మట్టి కుండ రెట్టనూ తేమనూ లోపలికంటా పీల్చేసుకుంటుంది, తోమితే పైనే పోతుంది. పారేసి కొత్తది పెట్టండి. చెక్క గూడు పెట్టె అయితే లోపలిదంతా దులిపి, తడిపి తోమి, మూత తీసి నాలుగు రోజులు ఎండలో పెట్టాలి. అది వానాకాలమైతే అక్టోబర్ దాకా పిట్టలకు గూడే ఇవ్వకండి.